ఒకే పార్టీ గెలవడం వేరు, ఒకే పార్టీ ఉండడం వేరు

ప్రశ్న: స్వాతంత్ర్యానంతరం జరిగిన మొదటి మూడు లోక్‌సభ ఎన్నికల్లోనూ కాంగ్రెసే గెలిచింది కాబట్టి అప్పట్లో మనది ఏకపార్టీ వ్యవస్థేనని మా తరగతిలో ఒకరు వాదించారు. మరి చైనాకూ మనకూ తేడా ఏమిటి? ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడున్నది ద్విపార్టీ వ్యవస్థ అనవచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

సమాధానం: సీట్ల లెక్క ఒక్కటే చూస్తే మీ సహాధ్యాయి వాదన నిజమేననిపిస్తుంది. కాంగ్రెస్‌కు 1952లో 489 స్థానాలకు 364, 1957లో 494కు 371, 1962లో 494కు 361 వచ్చాయి. అయితే ఆ మూడింటిలో ఏ ఎన్నికలోనూ పోలైన ఓట్లలో సగం ఆ పార్టీకి రాలేదు. ప్రతిపక్షాల ఓట్లు చీలిపోవడం వల్లే సీట్లు అంతగా పెరిగాయి. పైగా ఓడించే అవకాశం ఓటరు చేతిలోనే ఉండేది. 1957లో కేరళలో కమ్యూనిస్టులు గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేశారు. మీ పొరుగునే ఉన్న నల్లగొండలో 1952లో పీడీఎఫ్ (కమ్యూనిస్టులు పోటీకి దిగిన పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) తరఫున నిలిచిన రావి నారాయణరెడ్డికి నెహ్రూకంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. అందుకే రజనీ కొఠారీ వంటి రాజనీతి శాస్త్ర పండితులు దీనిని ఏకపార్టీ వ్యవస్థ అనకుండా, ఒక పార్టీ ఆధిపత్యం గల వ్యవస్థ అన్నారు. జపాన్‌లో 1955 నుంచి 1993 వరకు లిబరల్ డెమొక్రటిక్ పార్టీ సాగించిన పాలన కూడా ఈ కోవలోదే.

చైనా సంగతి వేరు. అక్కడ కమ్యూనిస్టు పార్టీ కాక మరో ఎనిమిది పార్టీలకు చట్టబద్ధమైన గుర్తింపు ఉంది, కానీ అవన్నీ కమ్యూనిస్టు పార్టీ నాయకత్వాన్ని అంగీకరించి పనిచేసేవే తప్ప దానితో అధికారం కోసం పోటీపడేవి కావు. కాబట్టి పార్టీలు తొమ్మిదైనా వ్యవస్థ ఏకపార్టీ వ్యవస్థే. ఈ రెండింటికీ నడుమ మెక్సికోను చెప్పుకోవాలి. అక్కడ ఎన్నికలు జరిగేవి, ప్రతిపక్షాలు పోటీ చేసేవి, అయినా 1929లో వేరే పేరుతో పుట్టిన పీఆర్ఐ (ఇన్‌స్టిట్యూషనల్ రివల్యూషనరీ పార్టీ) 2000 వరకు అధ్యక్ష పదవిని వదలలేదు.

ఇక ద్విపార్టీ వ్యవస్థ. నియోజకవర్గంలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతి రెండు పార్టీల పోటీకి దారితీస్తుందని ఫ్రెంచి పండితుడు మారిస్ డువెర్జే 1951లో ప్రతిపాదించాడు. గెలవలేని మూడో పార్టీకి ఓటు వేస్తే వృథా అవుతుందన్న భావన ఓటర్లలో బలపడడమే ఇందుకు ఒక ముఖ్య కారణం. అమెరికాకు ఇది చక్కగా సరిపోతుంది. మన దేశం మొత్తానికి సరిపోదు, ఎందుకంటే మన దగ్గర పోటీ రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి దాదాపు 39 శాతం ఓట్లతో 175లో 23 స్థానాలే దక్కాయి, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఇంచుమించు అదే శాతంతో 11 మాత్రమే వచ్చాయి. శాసనసభలో ఇంత కుదించుకుపోయినా, అంత ఓటు ఉన్న పార్టీ తిరిగి అధికారంలోకి వచ్చే అవకాశాన్ని కొట్టిపారేయలేం. అయితే 2024లో గెలిచింది మూడు పార్టీల కూటమి గనుక, ద్విపార్టీ వ్యవస్థ అనడంకంటే రెండు శిబిరాల పోటీ అనడమే సరైనదని నా అభిప్రాయం. మీ తెలంగాణకు ఆ మాట కూడా పూర్తిగా అతకదు, 2023లో కాంగ్రెస్, బీఆర్ఎస్‌లకు తోడు బీజేపీ, మజ్లిస్ కూడా చెప్పుకోదగ్గ స్థానాలు గెలిచాయి.

బహుళపార్టీ వ్యవస్థకు ఇజ్రాయెల్ స్పష్టమైన ఉదాహరణ. దేశమంతా ఒకే నియోజకవర్గంగా, దామాషా పద్ధతిలో, అంటే పార్టీలకు వచ్చిన ఓట్ల నిష్పత్తిలో, పార్లమెంటులోని 120 స్థానాలను పంచుతారు, 3.25 శాతం ఓట్లు దాటితే ప్రవేశం దొరుకుతుంది. ఇంతవరకు ఏ పార్టీకీ ఎన్నికల్లో సొంతంగా మెజారిటీకి కావలసిన 61 స్థానాలు రాలేదు.

ఎన్ని పార్టీలు ఉన్నాయని కాక, వాటిలో లెక్కలోకి వచ్చేవి ఎన్నో చూడాలని ఇటలీ పండితుడు సార్తోరి చెప్పాడు. ప్రభుత్వం ఏర్పాటుకు అవసరమయ్యేవి, లేదా పోటీ దిశనే మార్చగలిగేవి మాత్రమే ఆ లెక్కలోకి వస్తాయి. 1984లో తెలుగుదేశం 30 స్థానాలతో లోక్‌సభలో రెండో పెద్ద పార్టీ అయింది, కానీ 400కు పైగా స్థానాలున్న కాంగ్రెస్ ప్రభుత్వాన్ని అది కదిలించగలిగే స్థితిలో లేదు. 2024లో దానికి వచ్చినవి 16 మాత్రమే, అయినా బీజేపీ 240 దగ్గర ఆగిపోవడంతో కేంద్రంలో మెజారిటీ కూర్పుకు ఆ 16 ముఖ్యమయ్యాయి.