మోర్సింగ్ తీసుకెళ్ళు, చేతి దురద ఇక్కడే వదిలి వెళ్ళు

రాజమహేంద్రవరం

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

జూన్‌లో నువ్వు చిలీ వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. తెముకో అన్న పేరు ఆమెకు నోరు తిరగక నాలుగు రకాలుగా పలికింది. ఇన్నేళ్ళుగా మన ఇళ్ళలో నేను తప్ప ఎవరూ పలకని ఊరి పేరు అది. ముందు కోపం వచ్చింది, నాతో ఒక్క మాటైనా అనకుండా టిక్కెట్టు కొనేశావని. తర్వాత మీ అత్తను పిలిచి, "మన పిల్ల చిలీ ఆదివాసులు మాపుచే వాళ్ళ దగ్గర, నోటి దగ్గర పట్టుకుని వేలితో మీటే ట్రోంపె నేర్చుకోవడానికి వెళ్తోందట" అన్నాను. ఇదే మాట మూడోసారి అన్నప్పుడు ఆవిడ "విన్నానండీ" అంది.

నీకు తెలిసినవి క్లుప్తంగా చెప్పేస్తాను. మన ఎండలు తగ్గే వేళకు అక్కడ చలి, ముసురు. వానకోటు కొనుక్కో. శాంతియాగో నుంచి దక్షిణానికి సుమారు 670 కిలోమీటర్లు, రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి తెముకోలో దిగుతావు. స్పానిష్‌తో పని జరిగిపోతుంది గాని, పలకరింపు మాత్రం మాపుచేల భాష మాపుదుంగున్‌లో ఉండాలి. "మరి మరి" అంటే వాళ్ళ నమస్కారం, మనకు మరిచిపోవడానికి వీల్లేని మాట. నీ ఈడు వాళ్ళను "లమ్ఙెన్" అను, పెద్దావిడను "పాపాయ్" అను. ఆ ఙ చూశావా? మనం ఒకటో తరగతిలో తప్ప ఎన్నడూ పలకని అక్షరం, వాళ్ళ భాషలో మాట మొదట్లోనే వస్తుంది. వాళ్ళ పెద్ద ప్రార్థన ఉత్సవం పేరు ఙిల్యాతున్. వెళ్ళేలోగా సాధన చెయ్యి.

ఇన్‌హేలర్లు మూడు పెట్టుకో. ఇది క్లుప్తంగా చెప్పలేను. తెముకోలో చలికాలమంతా ఇంటింటా కట్టెలే కాలుస్తారు, ఊరి మీద పొగ గొడుగులా నిలుస్తుంది. వాళ్ళ పాతకాలపు రెల్లుగడ్డి ఇల్లు రుకా, దాని నడుమ నేల మీదే నిప్పు. చుట్టూ కూర్చునే మాటలూ పాటలూ అన్నీ. ఏడేళ్ళప్పుడు దీపావళి రాత్రి నిన్ను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తినవాణ్ణి నేను. ఎంత మంచి పాట జరుగుతున్నా సరే, ఛాతీ బిగిస్తే లేచి బయటికి రా. ఎవరూ తప్పు పట్టరు.

ఇక సంగీతం. ట్రోంపె మన మోర్సింగ్‌కు చుట్టమే. యూరప్ వాళ్ళతో వచ్చిన ఆ ఇనుప ముక్కను మాపుచేలు తమది చేసుకున్నారు. మన మోర్సింగ్ శ్రుతికి మైనం అద్దించుకుని మృదంగం వెనకాల జతులు పలుకుతుంది. వాళ్ళ ట్రోంపె ఎక్కువగా ఒంటరిది, మనసుపడ్డ మనిషి ఒక్కరి చెవి కోసం మోగేది. కాబట్టి వెళ్ళిన మొదటి రోజే మిశ్రచాపు తాళంలో మోహరా లాంటి గట్టి జతుల వరస వాయించి వాళ్ళను అదరగొట్టాలని చూడకు. నీ గురించి నాకు తెలుసు, అది నా పోలికే.

మిగతా వాద్యాలు కూడా నీకు పరాయివిగా అనిపించవు. కస్కావిల్యాలు మన మువ్వలు. వాదా ఎండిన సొరబుర్ర గిలక. త్రుత్రుకా రెండు మూడు నిలువుల వెదురులాంటి బొంగు, కొసన ఆవు కొమ్ము. ఇప్పుడు ప్లాస్టిక్ గొట్టంతో చేసినా దాన్ని చిన్నచూపు చూడకు, ఊదే గుండె పాతదే. ఆడవాళ్ళ పాటలు ల్యమెకన్‌లు వింటే మా అమ్మమ్మ తిరగలి పాటలు గుర్తుకొచ్చాయి నాకు. పెళ్ళై పరాయి ఊరికి వచ్చిన పిల్ల, పని చేసుకుంటూ, ఎదురుగా అనలేని మాటలన్నీ పాటలో అనేస్తుంది. అక్కడ పాట అంటే ఉల్. చాలాసార్లు అప్పటికప్పుడు కట్టేదే. "ఇది ఎవరి రచన, ఎప్పటిది?" అని అడగకు. మాచి పాటలైతే కలలో వచ్చాయంటారు. అది కవిత్వం కోసం అనే మాట కాదు, పాట వచ్చిన చోటు చెప్పడం.

మాచి అంటే వైద్యం చేసే మనిషి, ఎక్కువగా స్త్రీలు. ఆమె చేతిలోని డప్పు కుల్త్రున్. దాని గురించే ఈ ఉత్తరం అసలు.

1997 జూలైలో ఒక విశ్వవిద్యాలయం పిలిస్తే మృదంగం పాఠాలు చెప్పడానికి తెముకో వెళ్ళాను. అప్పటికి నాకు నలభై మూడేళ్ళు, రేడియోలో పేరు, ఒళ్ళంతా గర్వం. ఒక కుర్రవాడు, మంచి పిఫిల్కా వాద్యగాడు, వాళ్ళ మేనత్త మాచి అని చెప్పి వాళ్ళ పల్లెకు తీసుకెళ్ళాడు. ఆవిడ మాతే అనే ఆకు కషాయం తాగించింది, రొట్టె పెట్టింది. కట్టెలు తేవడానికి బయటికి వెళ్ళింది. గోడకు కుల్త్రున్ వేలాడుతోంది.

చెక్క గిన్నె మీద తోలు మూత. తోలు మీద అడ్డంగా నిలువుగా గీతలు, నాలుగు భాగాలు. నిప్పు వేడికి తోలు బిగిసి, చూస్తుంటేనే వేళ్ళు జివ్వుమన్నాయి. కుర్రవాడు నోరు తెరిచేలోపే దించి ఒళ్ళో పెట్టుకున్నాను. దాన్ని కర్రతో వాయిస్తారని తెలుసు, అయినా వేళ్ళతో తిస్రం, అదే మూడు అక్షరాల నడక, మొదలుపెట్టాను. నాదం ఎంత బాగుందో! లోపల ఏవో గలగలమంటున్నాయి, గింజలో గులకరాళ్ళో. నాలుగు ఆవర్తాలు అయ్యాక తలెత్తితే ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది, చేతుల్లో కట్టెలు.

తిట్టలేదు. తిట్టి ఉంటే ఈ పాటికి మరిచిపోయేవాణ్ణి. కట్టెలు కింద పెట్టింది, కుల్త్రున్ నా ఒళ్ళోంచి తీసుకుంది, తన శాలువాలో చుట్టి లోపలికి తీసుకెళ్ళింది. ఆ సాయంత్రం ఆవిడ ఒక ముసలాయనకు వైద్యం చేయవలసి ఉంది. ఆయన అప్పటికే దూరం నుంచి వానలో నడిచి వచ్చి పక్క ఇంట్లో కూర్చున్నాడట. ఈ రోజు కాదని కబురు పంపింది. మేము తిరిగి వస్తుంటే ఆయన దారిలో కనిపించాడు, కూతురి చెయ్యి పట్టుకుని బురదలో వెనక్కి వెళ్తున్నాడు.

కుర్రవాడు అప్పుడు చెప్పాడు. తోలు బిగించి మూసే ముందు మాచి ఆ గిన్నెలోకి తన గొంతు వదులుతుంది. ఆ గొంతు లోపలే ఉండిపోతుంది. నాలుగు గీతలు నాలుగు దిక్కులు, నడిమి చోటు ఆమె నిలబడే నేల. నాకప్పుడు అర్థమైంది, నేను తాళం వేశాననుకున్నది ఒక ఆడమనిషి నోట్లో వేళ్ళు పెట్టడమని.

నాకు తెలియక చేసిన పని అని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. నీకు నిజం చెబుతున్నాను. చిన్నప్పుడు జాతరలో బైండ్లవారి జమిడిక ముట్టుకున్నందుకు మా నాయనమ్మ వీపు మీద వాతలు తేల్చింది. నా మృదంగం దాటాడని ఒక శిష్యుణ్ణి నేనే చెంపదెబ్బ కొట్టాను. తెలుసు. విద్వాంసుణ్ణి కదా, నాకు వర్తించదనుకున్నాను.

వాళ్ళు బయటివాణ్ణి వింకా అంటారు. ఆ మాటలో ఎంత చేదు ఉందో చరిత్ర చదివితే తెలుస్తుంది. 1861 నుంచి 1883 దాకా చిలీ సైన్యం వాళ్ళ నేలను ఆక్రమించి, మిగిలిన చిన్న చిన్న చెక్కల్లోకి వాళ్ళను నెట్టింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళలో యంత్రాలు పట్టుకుని పాటల కోసం వచ్చినవాళ్ళూ ఉన్నారు. 1992లో మాపుచేలు జెండా ఎంచుకున్నప్పుడు దాని నడుమ పెట్టుకున్నది కుల్త్రున్‌నే. నేను నాలుగు ఆవర్తాలు వాయించింది దాన్ని.

అందుకని, ఫోను రికార్డింగు విషయంలో ఒక్కటే మాట. అడుగు. కాదంటే జేబులో పెట్టుకో, ఆన్ చేసి కాదు. ఙిల్యాతున్‌కు పిలవకపోతే మొహం చిన్నబుచ్చుకోకు, పిలిస్తే చివర నిలబడు.

వారం తర్వాత నేను క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. ఆవిడ మాట్లాడలేదు గాని మేనల్లుడికి సైగ చేసింది. వాడు నా చేతిలో ఒక పిఫిల్కా పెట్టాడు. చెక్క గొట్టం, అడుగు మూసి ఉంటుంది, పలికేది ఒకే స్వరం. జంటగా ఊదుతారు, అతను ఊదినప్పుడు నేను ఆగాలి, అతను ఆగినప్పుడు నేను ఊదాలి. అంతే. నలభై రెండు అక్షరాల కోర్వై, అంత చిక్కు జతుల అల్లిక, నిద్రలో వేసేవాణ్ణి, ఇది రాలేదు. ఖాళీ కనపడితే చాలు, నింపేస్తున్నాను. పొయ్యి పక్కన ఆవిడ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.

మీ అమ్మకు నేను నచ్చచెప్పాను, ఇక ఏడవదు. నాకోసం ఏమీ తేవద్దు, కుల్త్రున్ బొమ్మ వేసిన తాళం గొలుసులు అసలే వద్దు. ఆదివారం ఇంటికి రా. మీ అత్త రెండు ఖాళీ మందు సీసాలు కడిగి ఆరబెట్టింది. ఒకటి నీకు, ఒకటి నాకు. మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతాయి, చూశాను.

మీ మామయ్య