సెటిల్ చేసుకున్న బాకీ తీరినట్టు కాదు

ప్రశ్న: నేను ప్రైవేటు ఉద్యోగిని. మూడేళ్ల క్రితం మూడు నెలలు జీతం రాకపోవడంతో ఇంటి ఖర్చులకు 75,000 రూపాయలు క్రెడిట్ కార్డు మీద వాడాను. వడ్డీలతో బాకీ 96,000 అయితే, బ్యాంకు 60,000కు సెటిల్ చేసింది. ఇప్పుడు అదే కారణం చెప్పి గృహరుణం ఇవ్వలేదు. నేను తీసుకోని 20,000 వ్యక్తిగత రుణం కూడా నా అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో ఎగవేతగా కనిపిస్తోంది. 15,000 ఇస్తే రెండూ తీయించి క్రెడిట్ స్కోరు 750 దాటిస్తామని ఒక ఏజెన్సీ అంటోంది. డౌన్‌పేమెంట్‌కు దాచిన 4 లక్షలు కదపడం ఇష్టం లేదు. లోన్ యాప్‌లో తీసుకుని కట్టమంటారా?

జవాబు: వద్దండీ. చేతిలో 4 లక్షలు పెట్టుకుని 15,000 కోసం యాప్ గడప తొక్కడమేమిటి? రిపోర్టు బాగు చేసుకోవాలనుకుంటూ అందులోకి మరో అప్పు ఎక్కిస్తారా? ఏజెన్సీకి ఒక్క రూపాయీ ఇవ్వకండి. అప్పిచ్చిన సంస్థ ధ్రువీకరించనిదే, ఈ రిపోర్టులు తయారుచేసే క్రెడిట్ బ్యూరోలు సిబిల్ అయినా, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అయినా ఏ వివరమూ మార్చవు. ఏజెన్సీ పెట్టేది మీరు పైసా ఖర్చు లేకుండా పెట్టుకోగల ఫిర్యాదే. ఇలాంటి ఏజెన్సీల వలలో చాలామంది పడుతున్నారు కాబట్టే మీకు వివరంగా రాస్తున్నాను.

మీ రిపోర్టులో ఒక నమోదు తప్పు, ఇంకోటి నిజం. తప్పుగా ఎక్కిన రుణం విషయంలో చట్టం మీ వైపే ఉంది. ఈ నాలుగు బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తెప్పించి, ఆ అప్పు ఎన్నింటిలో ఉందో చూడండి. అప్పిచ్చిన సంస్థకూ బ్యూరోకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మీ పాన్‌ను ఎవరో వాడుకుని ఉండొచ్చు, సైబర్ క్రైమ్‌లోనూ ఫిర్యాదు చేసి నకలు జతపరచండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. 2024 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. కాదంటే కారణం చెప్పాలి. అప్పటికీ తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. ఫోన్లో మాట్లాడి ఊరుకోకండి. ఫిర్యాదు నంబరు లేకపోతే ఆ 30 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో ఎలా చూపిస్తారు?

'సెటిల్డ్' అన్నది మాత్రం నిజం, దాన్ని తప్పని చెప్పి తీయించలేరు. మీ దృష్టిలో బాకీ తీరింది, బ్యాంకు లెక్కలో 36,000 రాకుండా పోయింది. ఆ మిగులు కట్టేస్తే 'క్లోజ్డ్'గా మారుస్తారేమో బ్యాంకునే అడగండి. ఎంత కట్టాలో, కట్టాక ఏమని నమోదు చేస్తారో ముందే రాయించుకోండి. ఇక బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ పత్రం తప్పనిసరి. పాత ఆలస్యాలు రిపోర్టులో కొన్నేళ్లు కనబడతాయి, కానీ చివరికి పూర్తిగా కట్టారన్న సంగతి రేపు చూసే బ్యాంకుకు తెలుస్తుంది.

ఇంతకీ ఈ కష్టమంతా ఎక్కడ మొదలైంది? ఆ 75,000 దగ్గర. మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండి ఉంటే ఈ సెటిల్‌మెంటే ఉండేది కాదు. ఇంత జరిగాక కూడా మీ ప్రశ్నలో డౌన్‌పేమెంట్ ఉంది, అత్యవసర నిధి లేదు! నాకు ఎక్కువ భయం వేసింది ఇక్కడే. జీతం మళ్లీ ఆగితే ఈసారి ఇంటి ఖర్చుతో పాటు ఈఎంఐ కూడా ఆగుతుంది. నెలకు 25,000 చొప్పున ఆరు నెలలకు 1,50,000 ఆ 4 లక్షల్లోంచి ఇవాళే పక్కకు తీయండి. కార్డు మిగులు 36,000 కూడా అందులోంచే కట్టండి. డౌన్‌పేమెంట్‌కు 2,14,000 మిగులుతుంది. ఇల్లు ఏడాది ఆలస్యమైతే కానివ్వండి. రుణం వచ్చాక ఈఎంఐని కూడా కలిపి నిధిని పెంచండి.

ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) హామీ మీద క్రెడిట్ కార్డు, రుణానికి సహ దరఖాస్తుదారు వంటివి తర్వాత ఆలోచించవచ్చు. రిపోర్టు సరయ్యేదాకా ఇంకో బ్యాంకులో దరఖాస్తు పెట్టకండి, రుణం కోసం చేసే ప్రతి విచారణా అందులో నమోదవుతుంది.