ముందు సముద్రం, తరువాత ఆలయాలు

ప్రశ్న: ఈజిప్టు వెళుతున్నాం. నాకూ మా వారికీ స్కూబా డైవింగ్‌లో ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంది. ఎర్ర సముద్రంలో మునిగిన ఓడలూ, లక్సర్ ఆలయాలూ చూడాలని ఉంది. ఏది ముందు పెట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు సముద్రమే పెట్టుకోండమ్మా. నీటి ఒత్తిడికి ఒంట్లో కరిగిన నత్రజని పూర్తిగా బయటికి పోకముందే విమానం ఎక్కితే, అక్కడి తక్కువ గాలి పీడనంలో అది బుడగలుగా మారి ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే వరుసగా కొన్ని రోజులు డైవింగ్ చేసినవారు కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలంటారు. ఎర్ర సముద్రపు ఒడ్డున ఉన్న హుర్గాదా పట్నం నుంచి లక్సర్‌కు కారులో సుమారు నాలుగు గంటల ప్రయాణం. దారి కొండల మీదుగా సాగుతుంది, ఆ ఎత్తులోనూ గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి చివరి డైవ్ చేసిన మరునాడు ఉదయం బయలుదేరండి. లక్సర్‌లోని కర్నాక్ ఆలయంలో ఉన్న 134 స్తంభాల మండపానికే ఒక పూట కేటాయించండి.

ఓడల్లో నా మొదటి ఓటు హుర్గాదాకు ఉత్తరాన, అబూ నుహాస్ అనే పగడపు దిబ్బ దగ్గరున్న 'కర్నాటిక్'కు. సూయజ్ నుంచి మన బొంబాయికి వస్తూ 1869 సెప్టెంబరులో అది ఆ దిబ్బకు తగిలి మునిగింది. చెక్క డెక్కు ఏనాడో కుళ్లిపోగా మిగిలిన ఇనుప పక్కటెముకల సందుల్లోంచి ఎండ లోపలికి పడుతుంటే, గాజులా మెరిసే చిన్న చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి. ఓడ అడుగు సుమారు 27 మీటర్ల లోతున ఉంది. మీ సర్టిఫికెట్ పరిమితి 18 మీటర్లే కనుక, ముందుగా అడ్వాన్స్‌డ్ కోర్సు తప్పక పూర్తి చేయండి. 1941లో జర్మన్ బాంబులకు మునిగిన 'థిసిల్‌గార్మ్'లో మోటారు సైకిళ్లు, లారీలు నేటికీ కనిపిస్తాయి గానీ, అక్కడ ప్రవాహాలు బలమైనవి. దాన్ని మరో ప్రయాణానికి ఉంచుకోండి.