వాన అదే, వరద ఎక్కువ ఎందుకు?

ప్రశ్న: ఏడాది వర్షపాతం పెద్దగా మారలేదంటారు. మరి విజయవాడ 2024లో అంతలా ఎందుకు మునిగింది? – ఒక పాఠకురాలు, సింగ్‌నగర్

జవాబు: ఏడాది లెక్క చూస్తే అసలు సంగతి కనపడదు. గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. వేడెక్కిన బంగాళాఖాతం ఆ ఆవిరిని అందిస్తుంది. దాంతో వాన పడే రోజులు తగ్గినా, పడ్డప్పుడు కుండపోతే. 100 చదరపు మీటర్ల డాబాపై 200 మిల్లీమీటర్లు కురిస్తే 20,000 లీటర్లు! మురుగుకాలువలు అంత నీటిని లాగలేవు.

అయితే నెపమంతా వాతావరణం మీదే వేయకూడదు. విజయవాడ గుండా పారే వాగు బుడమేరు. దాని వరదను మళ్లించే కాలువ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా ఉంటే ఆ నీరు దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కులు పారాయి; బుడమేరుకు గండ్లూ పడ్డాయి.

వాతావరణ శాఖ భాషలో 24 గంటల్లో 204.4 మి.మీ. దాటితే ‘అత్యంత భారీ వర్షం’. రెడ్ అలర్ట్ వస్తే మోటారు, ఇన్వర్టర్ పైఅంతస్తుకు చేర్చండి. నీళ్లు గడప చేరకముందే కరెంటు మెయిన్ స్విచ్ ఆపండి. తడి చేతులతో మాత్రం దాన్ని ముట్టుకోవద్దు.