మీరడిగారు: సైన్యం వెంట ఫాదర్‌కి ఏం పని?

ప్రశ్న: సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు పాత ఇంగ్లీషు చర్చిలు చూసినప్పుడల్లా నాకో డౌటండీ. దేశాలు ఆక్రమించుకోడానికి వెళ్ళిన సైన్యాల్లో ఫాదర్లు, పాస్టర్లు ఎందుకు ఉండేవాళ్ళు? నరహత్య చేయొద్దని చెప్పే పుస్తకం చేత్తో పట్టుకుని వాళ్ళతో ఎలా తిరిగారు? - ఒక పాఠకురాలు, బోయిన్‌పల్లి

జవాబు: ఈ ప్రశ్న నన్నూ చాలా ఏళ్ళు వదల్లేదమ్మా. పైకి కనపడే పని సింపులే, ఆదివారం ప్రార్థన, ఆస్పత్రిలో పడున్నవాళ్ళ పక్కన కూర్చోడం, చనిపోతే సమాధి చెయ్యడం. ఈస్టిండియా కంపెనీకైతే 1698 చార్టర్లోనే రాసిచ్చారు, ప్రతి కోటలో ఒక పాస్టర్ ఉండాలని. ఇంటికి అన్ని వేల మైళ్ళ దూరంలో కలరాతో పోయే కుర్రాడికి పక్కన ఒక మనిషి ఉండటం చిన్న విషయమేం కాదు, అది ఒప్పుకోవాల్సిందే.

కానీ ఇంకో పని ఉంది. సిపాయి మనసులో తప్పు చేస్తున్నానేమో అని గుచ్చుకుంటుంది కదా, దాన్ని ఊరుకోబెట్టడం. 1957లో ఫ్రెంచ్ పాలనలో ఉన్న అల్జీరియాలోని అల్జీర్స్‌లో ఫ్రెంచ్ పారాట్రూపర్లు ఖైదీల్ని చిత్రహింసలు పెడుతుంటే వాళ్ళ చాప్లిన్, అంటే సైన్యం వెంట ఉండే ఫాదర్, డెలారూ దాన్ని సమర్థిస్తూ ఏకంగా రాతపూర్వకంగానే ఇచ్చాడు. అదే ఊళ్ళో ఆర్చిబిషప్ దువాల్ చిత్రహింసలు తప్పని ఖండించాడు. ఇద్దరూ ఒకే బలిపూజ చేసేవాళ్ళే, మరి ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించండి.

నన్ను బాగా కదిలించింది మాత్రం బార్తొలోమే దె లాస్ కసాస్ అనే స్పానిష్ ఫాదర్ కథ. 1513 ప్రాంతంలో క్యూబాని జయించే స్పానిష్ దండుకి ఆయన చాప్లిన్, నార్వయెజ్ అనేవాడు కెప్టెన్. దండు కంటే ముందు ఈయన ఊళ్ళోకి కబురు పంపేవాడు, సగం ఇళ్ళు ఖాళీ చేసి ఉంచండి, మీ జోలికి ఎవరూ రారు అని, జనం నమ్మేవాళ్ళు. కావొనావో అనే ఊరికి వెళ్ళే రోజు సిపాయిలు ఎండిపోయిన వాగులో రాళ్ళమీద కత్తులు నూరుకున్నారు. ఊళ్ళోకి వెళ్తే జనం చేపలు, కర్రపెండలం రొట్టెలు పెట్టారు, గుర్రాల్ని వింతగా చూస్తూ గొంతుక్కూర్చున్నారు, ఉన్నట్టుండి ఒకడు కత్తి దూశాడు, అంతే, అందరూ నరకడం మొదలుపెట్టారు. ఫాదర్ అరిచాడు, అడ్డుపడ్డాడు, ఎవరూ వినలేదు. నాకు ఇక్కడే గుండె బరువెక్కుతుంది. ఆయన మంచివాడే, కానీ ఆ మంచితనం చూసే కదా జనం తలుపులు తీసింది, ఆ మంచితనం కూడా దండుకి పనికొచ్చింది.

అంత చూశాక కూడా ఆయన తనకి బహుమానంగా ఇచ్చిన భూమినీ, దానిమీద పనిచేసే ఇండియన్లనీ (అక్కడి ఆదివాసుల్ని స్పెయిన్‌వాళ్ళు అలా పిలిచేవాళ్ళు) తీసుకున్నాడు! 1514లో పెంతెకోస్తు పండగ ప్రసంగం రాసుకుంటుంటే బైబిల్లో ఒక వాక్యం తగిలింది, బీదవాడి నోటి దగ్గర రొట్టె లాక్కునేవాడు హంతకుడేనని. అప్పుడు అన్నీ వదిలేసుకుని మిగతా బతుకంతా వాళ్ళ తరఫునే పోట్లాడాడు, 1542లో ఇండియన్లని బానిసలు చెయ్యకూడదని స్పెయిన్ కొత్త చట్టాలు తేవడం వెనక ఆయన పోరాటం ఉంది. మొదట్లో ఇండియన్ల బదులు ఆఫ్రికా బానిసల్ని తెప్పించమని సలహా ఇచ్చింది కూడా ఈయనే, తర్వాత అది ఘోరమైన తప్పని తనే రాసుకున్నాడు.

ప్రశ్న: చాప్లిన్లకి శౌర్య పతకాలు కూడా ఇచ్చారా? - డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: ఇచ్చారు నాయనా. 1879 డిసెంబర్ 11న కాబూల్ దగ్గర కిల్లా కాజీలో గుర్రాలతో సహా నీళ్ళ గుంటలో పడిపోయిన బ్రిటిష్ లాన్సర్లని, అంటే ఈటెలు పట్టే గుర్రపు సిపాయిల్ని, చాప్లిన్ రెవరెండ్ జేమ్స్ ఆడమ్స్ దిగి బయటికి లాగాడు, అఫ్ఘాన్లు దాదాపు మీదికొచ్చేశారు, తన గుర్రాన్ని కూడా వదిలేసి కాలినడకన తప్పించుకున్నాడు. ఆయన ధైర్యానికి దణ్ణం పెడతాను, ఆ దండయాత్రకి పెట్టలేను. ఆయన సైనికుడు కాదు కాబట్టి బ్రిటిష్‌వాళ్ళ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇవ్వడానికి రూలే మార్చాల్సొచ్చింది, 1881లో ఇచ్చారు.