కాపీ గీస్తే ఫోర్జరీ అవుతుందా?

రవివర్మ బొమ్మలు చూసి గీసి అమ్మితే ఫోర్జరీ కేసు పడుతుందా అని అడిగారు. గీసినందుకు పడదు. మూలన ఆయన సంతకం కూడా దించేసి, ఇది రవివర్మ గీసిందేనని అంటగడితే పడుతుంది.

ఈ తేడా నాకు మా చిన్నాన్న ప్లాటు గొడవలో తెలిసొచ్చింది. నాదర్‌గుల్ వైపు ఆయన కొన్న జాగాని ఎవడో తనదేనంటూ ఇంకొకరికి రిజిస్ట్రేషన్ చేసేశాడు. ఫోర్జరీ కేసు పెట్టాల్సిందేనని సర్టిఫైడ్ కాపీ పట్టుకుని వెళ్తే, వకీలు సాబ్ ఒక్కో పేజీ తిప్పి చూసి, "ఫొటో వాడిదే, సంతకం వాడిదే, వేలిముద్రా వాడిదే. ఇంక ఫోర్జరీ ఎక్కడిది? మీ చిన్నాన్న సంతకం వాడు పెట్టుంటే చెప్పండి" అన్నాడు. ఒళ్లు మండింది గానీ, 2009లో మహమ్మద్ ఇబ్రహీం కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే: తనది కాని భూమిని తన పేరుతోనే అమ్మినవాడు కొన్నవాణ్ణి మోసం చేసుండొచ్చు, దొంగ దస్తావేజు పుట్టించినట్టు మాత్రం కాదు. మేం సివిల్ కోర్టు చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉన్నాం. తమాషా ఏంటంటే, అదే పేరున్న వేరే ఆయన పెట్టాడని నమ్మించడానికైతే సొంత పేరు సంతకం పెట్టినా ఫోర్జరీయే. శిక్ష ఇప్పుడు, పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 336 కింద, మామూలుగా రెండేళ్ల దాకా, మోసం కోసమైతే ఏడేళ్ల దాకా. వీలునామాల్లాంటివైతే సెక్షన్ 338, యావజ్జీవం కూడా పడొచ్చు.

బొమ్మల్లోనూ చూసేది ఇదే. హాన్ వాన్ మేగరెన్ అనే డచ్ పెయింటర్, పాతకాలపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ ఎప్పుడూ గీయని బొమ్మల్ని తనే కల్పించి, రంగుల్లో బేకలైట్ అనే ప్లాస్టిక్ కలిపి, పొయ్యిలో కాల్చి పాతవాటిలా చేసి, వెర్మీర్‌వని అమ్మాడు. ఒకటి ఏకంగా హిట్లర్ మనిషి గోరింగ్‌కే చేరింది! 1947లో ఏడాది జైలు శిక్ష వేశారు. కాపీ కొట్టకుండానే ఫోర్జరీ అన్నమాట. అదే మన సాలార్‌జంగ్ మ్యూజియంలోని ముసుగు రెబెకా పాలరాతి శిల్పాన్ని ఇటలీ శిల్పి బెంజోనీ ఒకటికి మించి చెక్కాడు, అయినా వాటిని నకిలీలనరు, అన్నీ ఆయన పేరుతోనే ఉన్నాయి కాబట్టి.

రవివర్మ 1906లోనే పోయాడు కనుక కాపీరైట్ టెన్షన్ లేదు. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ గీసిన గుర్రాల జోలికి మాత్రం పోకండి, ఆయన పోయింది 2011లో, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కులుంటాయి, కింద మీ పేరే రాసుకున్నా కాపీరైట్ కేసు తగులుకుంటుంది. రవివర్మవి అమ్మేటప్పుడు బిల్లు మీద 'నకలు' అని రాసి, కాన్వాస్ వెనక మీ సంతకం, తేదీ వేసి ఇవ్వండి.