పాఠకుల ప్రశ్నలు: కరేబియన్ ప్రభుత్వోద్యోగ సంఘాలు

ప్రశ్న: కరేబియన్ దీవుల్లో ప్రతి దేశానికీ వేరే ప్రభుత్వం, వేరే ఖజానా ఉన్నప్పుడు, ఒక దేశపు ప్రభుత్వోద్యోగుల సంఘం పొరుగు దీవుల సంఘాలతో కలిసి ఉద్యమించడం వల్ల ఏం ప్రయోజనం?

జవాబు: బార్బడోస్ ఉపాధ్యాయుడి జీతాన్ని ట్రినిడాడ్ ప్రభుత్వం నిర్ణయించదన్న మాట నిజమే. కానీ ఆ జీతం మీద పడే ఒత్తిడి మాత్రం చాలా దీవుల్లో ఒకే దిక్కునుంచి వస్తుంది. సెయింట్ లూసియా, గ్రెనడా, డొమినికా సహా 8 ప్రాంతాలు వాడుకునే తూర్పు కరేబియన్ డాలరు 1976 నుంచి అమెరికా డాలరుకు 2.70 వద్ద, బార్బడోస్ డాలరు 1975 నుంచి 2 వద్ద స్థిరంగా ఉన్నాయి. కరెన్సీ విలువను తగ్గించే దారి ఇలా మూసుకుపోయినప్పుడు, అప్పులు పెరిగి అంతర్జాతీయ ద్రవ్యనిధిని ఆశ్రయించవలసి వచ్చిన ప్రభుత్వానికి మొదట కంటపడేది జీతాల పద్దే.

బార్బడోస్ అనుభవమే ఇందుకు చక్కని ఉదాహరణ. 1991లో ప్రధాని ఎర్స్కిన్ శాండిఫోర్డ్ ప్రభుత్వం ప్రభుత్వోద్యోగుల జీతాలను 8 శాతం తగ్గించింది. ట్రినిడాడ్‌లోనూ అంతకు 2 ఏళ్ల ముందే, 1989లో, 10 శాతం కోత పడింది కాబట్టి ఇది ఒక్క దీవికి పట్టిన గ్రహచారమని ఎవరూ అనుకోలేదు. బార్బడోస్ సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. అంతటితో ఆగకుండా యజమానుల ప్రతినిధులతోనూ ప్రభుత్వంతోనూ చర్చలకు కూర్చుని, డాలరు విలువను కాపాడుకునేందుకు వేతనాలనూ ధరలనూ అదుపులో ఉంచే త్రైపాక్షిక ఒడంబడికపై 1993లో సంతకం చేశాయి. 1994లో ప్రభుత్వం మారింది. ఆ మరుసటి ఏడాది ప్రభుత్వోద్యోగుల జీతాలను వారికి నష్టం కలిగేలా మార్చకూడదన్న నిబంధన రాజ్యాంగంలోనే చేరింది. 2020లో కోవిడ్ వేళ ఉద్యోగుల జీతంలో కొంత భాగాన్ని బాండ్ల రూపంలో ఇవ్వాలని ప్రభుత్వం తలచినప్పుడు దానిని ఐచ్ఛిక పథకంగానే ప్రవేశపెట్టింది.

నా దృష్టిలో ఈ సంఘాల సహకారంలో అసలు విలువ ఇలాంటి పూర్వనిదర్శనాలలోనే ఉంది. అన్ని దీవులూ ఒకే రోజున సమ్మెకు దిగడం వినడానికి బాగుంటుంది కానీ, ఒక్కో దేశంలో సమ్మె చట్టం, అత్యవసర సేవల జాబితా వేర్వేరుగా ఉన్న చోట అది అంత తేలిక కాదు. ఒక సంఘం సాధించిన ఒప్పందపు ప్రతిని మరో సంఘం తన బేరసారాల బల్ల మీద పెట్టడం మాత్రం ఎప్పుడైనా సాధ్యమే. ఉదాహరణకు గయానాలో 1999లో 57 రోజులు సాగిన సమ్మె తర్వాత మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ ఆ ఏడాదికి 31.06 శాతం, 2000కి 26.66 శాతం పెంపు ప్రకటించింది. డబ్బు లేదని ప్రభుత్వం చెప్పినంత మాత్రాన విచారణ ముగిసిపోదని చూపడానికి పొరుగు సంఘాలకు ఇంతకంటే పెద్ద ఆధారం అక్కర్లేదు.

ఇందుకు వేదికలు రెండు రకాలు. 1960లో గ్రెనడాలో ఏర్పడిన కరేబియన్ కాంగ్రెస్ ఆఫ్ లేబర్ అన్ని రంగాల కార్మికులది. 1907లో పుట్టిన పబ్లిక్ సర్వీసెస్ ఇంటర్నేషనల్ ప్రభుత్వ సేవల ఉద్యోగులకే ప్రత్యేకం. పనిచోట హింస, వేధింపులపై 2019లో కుదిరిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 190వ ఒడంబడికను ఆమోదించాలని కోరుతూ సాగిన ప్రచారం ఇలాంటి వేదికలకు తగిన పని, ఎందుకంటే ఆసుపత్రి నర్సు మీద చెయ్యి చేసుకునే రోగి బంధువు ఏ దీవిలోనైనా ఒకటే. బార్బడోస్, బహమాస్, ఆంటిగ్వా అండ్ బార్బుడా దానిని 2022లో ఆమోదించాయి.

ప్రశ్న: ఒక దీవి నుంచి మరో దీవికి వెళ్లి పనిచేసే నర్సులకు ఈ సంఘాల వల్ల మేలేమైనా ఉందా?

జవాబు: కరేబియన్ దేశాల కూటమి అయిన కారికామ్ ఒప్పందాల కింద స్వేచ్ఛగా వెళ్లి పనిచేయగల వర్గాలలో నర్సులు, ఉపాధ్యాయులు ఉన్నారు. 1997 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా ఒప్పందం ప్రకారం, వేర్వేరు దేశాల్లో కట్టిన బీమా చందాల కాలాన్ని కలిపి లెక్కగట్టి పింఛను అర్హతను నిర్ణయిస్తారు. సర్వీసు మధ్యలో వెళ్లిపోయిన ఉద్యోగికి రావలసిన ప్రభుత్వ సర్వీసు పింఛను సంగతి వేరు. దానిని ఆయా దేశాల సర్వీసు నిబంధనలే తేలుస్తాయి కాబట్టి, దీవి మారే ముందు ఉద్యోగి సంప్రదించవలసింది రెండు దేశాల సంఘాలనూ.